పొడి కోత

ఎవరిస్తో ఊపిరితిత్తుల్ని ఉప్పునీళ్లతో కడిగి
మూడు సీసాల్లో కిందికి పంపారు.
మూడోది బియ్యం కడిగిన నీళ్లలా ఉంది.
చీటీ మీద వయసు: ముప్ఫై తొమ్మిది.

కాదిస్ మీద ఇవాళ తూర్పుగాలి.
ల్యాబ్ కిటికీ సందులోంచి సన్నటి ఇసుక
నా కాగితాల మీదికి వస్తూనే ఉంది.
చుక్క తీసి గాజుపలక మీద పెట్టి
వెలుగుని ఒక్క దిక్కుకే వంచే అద్దం తిప్పాను.
చీకట్లో మెరిశాయి.

ప్రతి మెరుపు చుట్టూ ఒక కణం.
మాక్రోఫేజ్.
ఊపిరి గదుల్లో రాత్రీపగలూ తిరిగే కాపలాది.
పుప్పొడి, బూజు, పొగ మసి, చచ్చిన క్రిమి
ఏదొచ్చినా ఊరూ పేరూ అడగదు.
మింగుతుంది. అరాయించుకుంటుంది.

పలుగురాయినీ అలాగే మింగింది.

మింగలేక కక్కలేక అని
మనం మాటవరసకి అంటాం.
ఇక్కడ అది
నా కంటి కింద ఒక కణం కూర్చున్న తీరు.

రాయి లోపలి తిత్తిని చీల్చింది.
ఆమ్లం ఒలికింది.
కణంలోని పొటాషియం గోడ దాటి పారిపోయింది.
అంతదాకా ఎవరి దారిన వాళ్లు తిరిగిన ప్రోటీన్లు
ఒక్కొక్కటే వచ్చి చుట్టూ కూడాయి,
రచ్చబండ దగ్గర తగువు తీర్చేవాళ్లలా.
ఇన్‌ఫ్లమసోమ్ అంటాం ఆ కూటమిని.
అది ఒక కత్తెరను లేపింది.
కత్తెర, ముందే రాసి అంటించి ఉంచిన ఉత్తరాల అంచులు కోసింది.
ఇంటర్‌ల్యూకిన్ ఒకటి బీటా.
లోపల ఒకటే మాట:
మంట.

గోడకి చిల్లులు పడి ఉత్తరాలు బయటపడ్డాయి.
కణం పగిలి చచ్చింది.
రాయి చెక్కు చెదరలేదు.

కేక విని పరుగున వచ్చిన మరో కణానికి
ఒక రాతిముక్క కనిపించింది.
మింగింది.

మంట లేచిన చోటల్లా నార కణాలొచ్చి
అతుకు వేసిపోతాయి, అతుకు మీద అతుకు,
ఊపిరితిత్తి బొంత అయ్యేదాకా.
బొంతలో గాలి దూరదు.

మధ్యాహ్నం అతనే వచ్చాడు,
చక్రాల సిలిండర్ లాక్కుంటూ, రాకూడని గదిలోకి.
"నావేనా? చూడొచ్చా?"
కుర్చీ ఇచ్చాను.
చాలాసేపు చూశాడు,
ఒక కన్ను మూసి, మట్టం చూసే మేస్త్రీలా.
"ఇది తెల్లదే," అన్నాడు,
"అద్దం పలుకులు కలిపిన రకం.
ఆ ఏడు అందరికీ అదే కావాలి."

మా వంటింటి బల్లా అదే. చెప్పలేదు.

"నీళ్లు పోస్తూ కోయాలి," అన్నాడు.
"నీళ్లుంటే పని నెమ్మదని
యజమాని కుళాయి కట్టించలేదు."
తడిగుడ్డతో గొంతు కోస్తారని విన్నాను.
ఇతనికి ఆ తడి కూడా దక్కలేదు.

"మా నాయన అన్సెల్మో ఉప్పుమడుల్లో
నలభై ఏళ్లు చేశాడు.
అదీ తెల్లపొడే.
కళ్లు మండేవి, కాళ్లు పగిలేవి."
ఊపిరి కోసం ఆగాడు.
అది రావడానికి తొందరపడలేదు.
"ఉప్పు కరుగుతుందమ్మా."

రాత్రి మా అమ్మ రెమెదియోస్
చిట్టి రొయ్యల అట్లు వేస్తోంది.
పిండి రాలి తెల్ల బల్ల మీద తెల్లగా పరుచుకుంది.
ఉఫ్‌మని ఊదబోయింది.
"ఊదకు!" అని అరిచాను.
పిండేగా, అన్నట్టు చూసింది.

గుడ్డ తడిపి తుడుస్తూ వంగాను.
బల్ల అడుగు అంచున, ఎవరూ చూడని చోట,
పెన్సిల్‌తో వేసిన కొలత:
నూట ఎనభై తొమ్మిది.
పొద్దున అనుమతి పత్రం మీద అతను వేసిన
తొమ్మిదికీ ఇలాంటి తోకే,
కిందికి దిగి ఎడమకి తిరిగి.
అదే అయ్యుండొచ్చు. కాకపోనూవచ్చు.
ఈ ఊళ్లో కోతవాళ్లు చాలామంది,
అందరికీ ఒకే బడి, ఒకే పంతులు.

అట్టు చల్లారిపోతోందని అమ్మ కేకేసింది.
ఆ అంకెల దాకా వచ్చి
తడిగుడ్డని ఆపేశాను.